రెండు డిస్కుల ఏకాండి వీణ

పెద్ద నోట్లు రద్దయిన ఏడాది నన్ను విజయనగరం సర్వీసు సెంటరుకు సీనియర్ ఇంజినీరుగా వేశారు. ఇటు శ్రీకాకుళం, అటు బొబ్బిలి దాకా ఆఫీసుల్లో సర్వర్లు ఆగిపోతే వెళ్లి లేపడం మా పని. ఇళ్లలోని కంప్యూటర్లు ముట్టుకోవడం మా హోదాకు తక్కువ. చుట్టాలకు ఆ సంగతి పట్టదు. బొబ్బిలిలో వీణలు చేసే సత్యం, మా అక్క భర్త, తన కంప్యూటర్ చూడమని కబురు పెట్టాడు.

వాళ్ల నాన్న పేరున్న వైణికుడు. ఆయన పోయాక ఆ వాయింపు కొన్ని క్యాసెట్లలో మాత్రమే మిగిలింది. బావ వాటిని ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించాడు, అంతవరకు మెచ్చుకోవలసిందే. ఆ పాటలకు వీణ కోసం దుంగ తొలిచే దృశ్యాలు జోడించి వీడియో చేయబోతే కంప్యూటర్ నత్తనడక నడిచిందట. విజయనగరంలో ఒక షాపువాడు రెండు డిస్కులు అంటగట్టాడు. రెండూ కలిపితే వేగం రెట్టింపు, భద్రత కూడా రెట్టింపు అన్నాడట. మొదటి మాట దాదాపు నిజం. రెండోది పచ్చి అబద్ధం. కావాలని చెప్పాడనుకోను, అంత తెలివి ఆ షాపులో లేదు.

ఈ పద్ధతిని మేం స్ట్రైపింగ్ అంటాం. కంప్యూటర్ ప్రతి ఫైలునూ పట్టీలుగా తరిగి, ఒక పట్టీ ఈ డిస్కులో, తర్వాతిది ఆ డిస్కులో రాస్తుంది. రెండూ ఒకేసారి పనిచేస్తాయి కనుక వేగం. ఒకటి చస్తే రెండోదానిలో మిగిలేది తరుగు. దీని అసలు పేరు రెయిడ్ జీరో. ఆ సున్నా భద్రతకు వేసిన మార్కు అనుకోవచ్చు. రెండు డిస్కుల్లోనూ పూర్తి కాపీ ఉంచే పద్ధతి వేరే ఉంది. ఆ తేడా తెలియనివాడు డిస్కులు మానేసి బఠాణీలు అమ్ముకుంటే దేశానికి మేలు.

ఇదంతా బావకు చెప్పాను. వింటున్నట్టే తలూపాడు. అసలు క్యాసెట్లు ఉన్నాయా అని అడిగాను.

"అటక మీద ఉన్నాయిరా, ఎక్కడికి పోతాయి?" అన్నాడు.

అయితే పరవాలేదనుకుని పని మొదలుపెట్టాను. విండోస్‌లో రెండు డిస్కులనూ కలిపి ఒకే స్ట్రైప్డ్ వాల్యూమ్ చేసి ఫార్మాట్ కొట్టి, పాత డిస్కులోని పాటలన్నీ అందులోకి మార్చేశాను. తెర మీద ఒక్కటే పెద్ద డిస్కు కనిపించింది. బావ మొహం వెలిగిపోయింది. వాళ్ల ఊళ్లో అతుకు లేకుండా ఒకే పనసదుంగలో తొలిచిన వీణను ఏకాండి అంటారు. దానికున్న గౌరవం అతుకుల వీణకు లేదు.

"సూడు, రెండూ ఒకటైపోనాయి. ఇది ఏకాండి రా!" అన్నాడు.

ఇది అతుకు కనిపించని అతుకుల వీణ అన్నాను. నాకు వీణల గురించి ఏం తెలుసని నవ్వాడు.

మరుసటి ఏడాది వానల్లో ఒక డిస్కు టకటకలాడి ఆగిపోయింది. హైదరాబాదులో డేటా తీసేవాళ్లకు పంపితే లోపలి పళ్లెం గీసుకుపోయిందని తిప్పి పంపారు. బావ రెండో డిస్కును తువాలులో చుట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు.

"ఇది బాగానే ఉన్నాది కదా. సగం పాటలైనా వస్తాయి కదేటి?"

వీణను నిలువునా కోసి సగం చేతికిస్తే వాయిస్తావా అని అడిగాను. అప్పుడు అర్థమైంది ఆయనకు, ఏడాది ఆలస్యంగా. సరే, అటక మీది క్యాసెట్లు తెమ్మన్నాను. డిస్కును మళ్లీ తువాలులో చుట్టడం మొదలుపెట్టాడు. మళ్లీ అడిగాను.

"లేవురా. అన్నీ కంప్యూటర్‌లో ఏకాండిగా ఉన్నాయి కదా అని, రీళ్లు లాగి సేనుకి కట్టేశాను. సిలకలు వస్తన్నాయని."

నమ్మలేక వెళ్లి చూశాను. మొక్కజొన్న చేను చుట్టూ కర్ర నుంచి కర్రకు క్యాసెట్ రీలు. ఎండకు, వానకు రంగు పోయి, అక్కడక్కడ తెగి వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా జుయ్యిమంటోంది. ఆ నాదానికి చిలకలు బెదరడం కూడా మానేశాయి, దర్జాగా కండెలు తింటున్నాయి. బావ ఒక కర్ర పట్టుకుని చెవి ఒగ్గి నిలబడ్డాడు. నాకు ముందు ఒళ్లుమండింది. జాలి తర్వాత వచ్చింది, అదీ కొంచెమే.

ఆ తర్వాత ఎవరు ఈ పని చెప్పినా, స్క్రూడ్రైవర్ తీయకముందే అసలు కాపీ తెచ్చి నా ముందు పెట్టమనేవాణ్ణి. ఉందని చెబితే ఊరుకునేవాణ్ణి కాదు. రిటైరయ్యేదాకా అదే పద్ధతి. కొందరు చిన్నబుచ్చుకుని మళ్లీ పిలవలేదు.