గుడ్డు కోసిన మిషన్

నట్టు పట్టకపోతే ఇంకో నట్టు కొన్నాను గానీ, ఎందుకు పట్టలేదని ఒక్క నిమిషం ఆలోచించలేదు. నా తెలివితక్కువతనమంతా ఆ నట్టులోనే ఉంది. మిగతా కథంతా దాని చుట్టూ తిరిగిందే.

అప్పటికి పదేళ్లుగా సూర్యాపేటలో టీవీలు బాగుచేస్తున్నాను. 2012 వచ్చేసరికి టీవీలు పలచబడ్డాయి, వాటితోపాటే నా గిరాకీ. ఈగలు తోలుకుంటున్న రిపేరువాడికి ఇంటర్నెట్ దొరికితే ఏమైతదో అదే అయింది. ఎవరో ఇంట్లోనే సీఎన్‌సీ మిషన్ చేసుకున్న వీడియో చూశాను. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే, కత్తి దానంతటదే తిరిగి చెక్కను ఆ బొమ్మలాగే కోస్తుంది. "గింతేనా!" అనుకున్నాను. నా జీవితంలో పెద్ద పొరపాట్లన్నీ ఆ మాటతోనే మొదలయ్యాయి.

మోటార్లు పాత జిరాక్స్ మిషన్లలోంచి పీకాను. కత్తిని జరపడానికి, బోల్టుకున్నట్టు ఒంటినిండా మరలున్న పొడుగు రాడ్లు రెండు కావాలి. నిలువుకొకటి, అడ్డానికొకటి. రాడ్డు తిరిగితే దాని మీది నట్టు జరుగుతుంది, నట్టుతోపాటు కత్తి. ఒకటి మిర్యాలగూడలో, రైస్ మిల్లుల పాత సామాను అమ్మేకాడ దొరికింది. దానికి జోడు లేదన్నారు. రెండోది మా ఊళ్లోనే కొన్నాను. అది జర లావు. మొదటిదాని నట్టు దీనికి పట్టలేదు. లావుదాయె, పట్టదు మరి, అని లావు నట్టు కొన్నాను. కంప్యూటర్‌లో మాత్రం, చుట్టుకు ఇంత జరుగుతుందని, రెండింటికీ ఒకటే లెక్క ఎక్కించాను. రెండూ రాడ్లే కదా!

మిషన్ పోయి ముందుగదిలో కూర్చుంది. ఆ గది మా ఇంటామె కుట్టుమిషన్‌కిస్తానని నేను ఎప్పుడో ఒప్పుకున్నది. పాపం, ఆమె వంటింటి మూలన, పోపు ఘాటులో జాకెట్లు కుడుతోంది. ఓపికున్న మనిషే, కానీ టైలరు కదా, దేనికైనా ఒక కొలత పెడుతుంది.

"ఇగో, వింటుండ్రా? సద్దుల బతుకమ్మకు నాకో గుండ్రటి పలక కోసియ్యుండ్రి. ఈసారి పెద్దగ పేరుస్త, తాంబాలం సాలదు. కోస్తే మీ మిషన్ ఈడనే ఉంటది. కొయ్యకుంటే మా తమ్ముడు ఎత్తుకపోతడు, రూమ్ నాది."

అంటే ఒక సున్నా. బళ్లో అడక్కుండానే బోలెడు వచ్చాయి నాకు. ఇప్పుడు ఒక్కటి కావాలి, అదీ పద్దెనిమిది అంగుళాలది.

ఆ తమ్ముడు, అంటే నా బామ్మర్ది, గరిడేపల్లి నుంచి పోయి కోదాడలో వడ్రంగి దుకాణం పెట్టినవాడు. పండగకని పొద్దున్నే దిగాడు. నా తంటాలు చూసి, "గింత పలకకు గంత పరేషాన్ ఎందుకు బావా? ఒక మేకు, జానెడు దారం ఇయ్యి. ఛాయ్ తాగేలోపు గీసి కోసిస్త," అన్నాడు.

"కంప్యూటర్ జమానాల దారమేందిరా," అన్నాను దర్జాగా.

స్విచ్ వేశాను. మిషన్ మూలిగింది, పొట్టు కక్కింది, మొదలైన చోటికే తిరిగొచ్చి ఆగింది. నేను మురిసిపోయాను. బామ్మర్ది పలక లేపి అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"అక్కా, జల్ది రా! బావ మిషన్ గుడ్డు పెట్టింది!"

గుడ్డే. మళ్లీ కోయడానికి చెక్క లేదు. "పూలు పేరిస్తే కనపడదులే," అన్నాను. తంగేడు, గునుగు వరస మీద వరస పేర్చినకొద్దీ గుడ్డు పైకి పెరిగిందే గానీ దాగలేదు. సాయంత్రం అందరి బతుకమ్మల నడుమ మాది చూసి వాడకట్టు ఆడవాళ్లు, "ఏందక్కా, మీ బతుకమ్మ పక్కకొరిగి పండుకున్నదా?" అన్నారట. మా ఇంటామె ఇంటికొచ్చి తమ్ముడితో, "మిషన్ ఎప్పుడు ఎత్తుకపోతవ్‌రా?" అన్నది.

తెల్లారి బామ్మర్ది నా పళ్లెంలో రెండు ఉడికిన గుడ్లు పెట్టి, "వచ్చే ఐతారం ట్రాలీ ఆటో తెస్త, గుడ్డు బావా. మిషన్‌ను సదిరి పెట్టు," అని బస్సెక్కాడు.

శనివారం మా ఇంటామె మెడలో టేపుతో ముందుగది కొలవడానికి వచ్చింది, కుట్టుమిషన్ ఎక్కడ పడుతుందో చూసుకోవడానికి. గోడకానించిన గుడ్డు పలక కనపడితే చేతిలో టేపు ఉంది కదా అని దాన్నీ కొలిచింది.

"నిలువు పద్దెనిమిది సరిగ్గనే ఉన్నది. అడ్డం ఇరవై ఒకటి వచ్చింది. ఇది వంకర గాదు, లెక్క తప్పింది."

తర్వాత రాడ్ల దగ్గర కూర్చుని, ఒక్కోదాన్ని ఇరవై చుట్లు తిప్పమంది. నట్టు ఎంత జరిగిందో టేపు పెట్టి చూసింది. సన్నదాని మీద మూడు సెంటీమీటర్లు. లావుదాని మీద మూడున్నర.

"ఒకటి చిన్న అడుగేస్తది, ఒకటి పెద్ద అడుగేస్తది. ఇద్దర్నీ ఇరవై అడుగులెయ్యమంటే ఒక్కకాడికే పోతరా?"

నట్టు ఎందుకు పట్టలేదో నాకు అప్పుడు పట్టింది: లావొక్కటే కాదు, మరల ఎడం కూడా వేరే.

లావు రాడ్డుకు వేరే లెక్క రాశాను. ఆదివారం బామ్మర్ది ట్రాలీతో దిగేసరికి మిషన్ పలక కోస్తోంది. వాడు నడుమ మేకు కొట్టి, దారం కట్టి, చుట్టూ తిప్పి చూశాడు. దారం ఎక్కడా వదులు కాలేదు, ఎక్కడా చాలక పోలేదు. ట్రాలీ ఖాళీగా పోయింది. ముందుగదిలో సగం నాది, సగం కుట్టుమిషన్‌ది అయింది. "గుడ్డు బావ" మాత్రం పోలేదు. పెళ్లిళ్లలో, పేరంటాలలో, చివరికి దవాఖానలో ఎవరినో చూడబోయినప్పుడు కూడా అదే పిలుపు.

రెండేళ్లకు వాడు కోదాడలో ఇల్లు కట్టాడు. "గుడ్డు బావా, గృహప్రవేశానికి ఆలుమగలం కూసునేటందుకు రెండు గుండ్రటి పీటలు నీ మిషన్ మీద చేసియ్యవా? నాకు తీరుతలేదు," అన్నాడు.

వాడి భార్యకు పున్నమి చంద్రుడిలాంటి పీట కోశాను. తర్వాత కంప్యూటర్‌లో కొత్త లెక్క తీసేసి, పాత తప్పు లెక్క మళ్లీ రాసి, రెండో పీట కోశాను. అంచులు నున్నగా గీకి, చుట్టూ పూలు చెక్కి, రెండింటికీ గుడ్డలు కప్పి పూజ దగ్గర నేనే పెట్టాను. పంతులు కూర్చోమన్నాక బామ్మర్ది తన పీట మీది గుడ్డ తీశాడు. నా దిక్కు గుర్రుగా చూశాడు. అందరి ముందూ దాని మీదే కూర్చున్నాడు.

పూజ సగంలో వాళ్ల పెద్దమ్మ ముందుకు వంగి, "ఏందిరా, గుడ్డు మీద కూసున్నవ్?" అంది గట్టిగా.

నేను వెనక నుంచి వాడి చెవిలో అన్నాను: "ఇరవై ఒక్క రోజులు పొదగాలె బామ్మర్దీ. కదిలినవనుకో, పిల్ల లేవదు."