మావయ్య మోకాలి మచ్చ

ఈ రోజు బరంపురం ట్రెజరీలో మా మేనమామ నా పరువు తీశారు. ఆయన పాత సిపాయి. కిందటి పెద్ద యుద్ధంలో బస్రా దగ్గర మోకాలికి తూటా తగిలింది. పింఛను కాగితంలో గుర్తింపు చిహ్నం ఆ మచ్చే. ఏటా గుమాస్తా దాన్ని చూసి, మనిషి బతికే ఉన్నాడని రాసుకోవాలి.

ఒరిస్సా రాష్ట్రం వేరుపడ్డాక కటకం నుంచి వచ్చిన గుమాస్తా మర్యాదస్తుడు. "కిందటేడు చూశాను కదా, కూర్చోండి" అని ఒడియాలో అంటూ కలం తీశాడు.

మావయ్య కూర్చోలేదు. "సూడకుండా ఎలాగ రాసేత్తావు బాబూ? ముందు సూడు" అంటూ అందరి ముందూ పంచె మోకాలి పైకి లాగారు.

"నమ్ముతున్నాడు కదా మావయ్యా!" అన్నాను సిగ్గుతో.

"నమ్మకం కాదురా. ఏడాదికోపాలైనా ఎవుడో ఒకడు సూడాల గదా!"

గుమాస్తా కలం పక్కన పెట్టి, లేచి వచ్చి, వంగి చూశాడు. "ఇంకా నొప్పి ఉందా?" అని అడిగాడు.

"సలికాలం లాగుతాది బాబూ" అని మావయ్య నెమ్మదిగా పంచె దించుకున్నారు.

పుట్టినప్పటి నుంచీ ఆ మచ్చ చూస్తున్నాను. ఆ మాట మాత్రం ఎప్పుడూ అడగలేదు. మీ ఇళ్లల్లో ఎవరైనా అడిగారా?