ఫ్లాస్కు నిండా ఐసు

హైదరాబాద్‌లో పరిశోధన చేసే నేను మొన్న సెలవుకు మా ఊరు సిరిసిల్ల వచ్చాను. వేరే జీవుల కణాల్లో తయారుచేయించిన మానవ ఎంజైమ్‌తో మా పని. అది ఆర్‌ఎన్‌ఏ సందేశంలో ఒక్క అక్షరాన్ని మారుస్తుంది. మరమగ్గం నడిపే మా నాన్నకు, బాపుకు, అర్థం కావాలని, "నేసేటప్పుడే తప్పుపోగు సరిచేసినట్టు" అన్నాను. అంతే, పుట్టు జబ్బులకు మందు దొరికిందని ఆయన మగ్గాల షెడ్డులో, చుట్టాల్లో చాటింపేశాడు.

మర్నాడే బోయినపల్లి నుంచి బాపుకు చెల్లెలి వరుసయ్యే లచ్చవ్వత్త వచ్చింది. చంకలో పుట్టుకతోనే కండరాల జబ్బున్న కూతురు, చేతిలో ఫ్లాస్కు. మూత తీస్తే నిండా ఐసు.

"సల్లగ ఉంచాల్నట గద. ఇందుల ఇంత మందు పొయ్యి బిడ్డా."

"అది మందు కాదత్తా. ల్యాబుల పరీక్షలకే. నా దగ్గర లేదు, ఉన్నా ఇయ్యద్దు."

"మనిషిదేనని మీ బాపు జెప్పిండు. మరి మనిషికి పనికిరాదా?"

బాపు తల ఎత్తలేదు. బస్సులో బరువెందుకని ఆమె ఐసంతా మా వాకిట్లో పారబోసి, పిల్లను మళ్లీ చంకకెత్తుకుంది.

ల్యాబ్‌లో ఆ ఎంజైమ్ సీసా మీద 'మానవ' అని పెద్దక్షరాల్లో ఉంటుంది. 'మానవులకు వాడరాదు' అన్నది కింద, చిన్నక్షరాల్లో. ఇప్పుడా రాత చూసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.