పెందుర్తి అవతల చేదు దుంప తిన్న రోజు

పెందుర్తి దాటి కొండల మొదటికి వెళ్ళాలనుకునే వారి కోసం, ఎనభైల మొదట్లో ఒక ఆదివారం నేను చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. ఆ రోజు వేళలు నా రోజువారీ పుస్తకంలో ఉన్నాయి. మాటలు పుస్తకంలో లేవు, అయినా మరిచిపోలేదు.

అప్పుడు నేను గోదావరి జిల్లా నుంచి వచ్చి గాజువాకలో ఒక గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి. ఒక చిన్న గుత్తేదారు కింద షెడ్లు కట్టే పని. నాతో పనిచేసే అప్పన్న పెందుర్తికి పడమట కొండల దిగువన ఉన్న తన ఊరి నుంచి సైకిలు మీద పెందుర్తి దాకా, అక్కడి నుంచి బస్సులో పనికి వచ్చేవాడు. రోజూ తన కేరేజీలోంచి సగం కూడు మూతలోకి వంచి నా ముందు పెట్టేవాడు. "తిను బావా, తిరిగి ఇంటికి మొయ్యాలంటే బరువు" అనేవాడు. అతని భార్య పైడమ్మ చేదు దుంపల కూర వండి పంపేది. కొండ మీద దొరికే ఆ దుంపను సరిగా నానబెట్టకపోతే తల తిరుగుతుందని, ప్రాణం మీదికి కూడా వస్తుందని అప్పన్నే చెప్పాడు. మా వైపు అలాంటి దుంప లేదు. మొదటిసారి భయపడుతూ తిన్నాను, తర్వాత దాని కోసం ఎదురుచూశాను.

ఒక మధ్యాహ్నం ఇద్దరం ఆ కూరే తిన్నాం. గంటలోపే పరంజా కట్టు ఊడి అప్పన్న పైనుంచి పడి చనిపోయాడు. శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన అప్పన్న ఊరి వాళ్ళతో మా మేస్త్రీ, కట్టు మాట ఎత్తకుండా, "దుంపలు తిన్నాడు, కళ్ళు తిరిగి పడ్డాడు" అని చెప్పి నా వైపు చూశాడు. మర్నాడు పని ఉండదేమోనని భయం వేసింది. నేను తల ఊపాను.

నెల తర్వాత, అప్పన్న ఊరి మనిషి ఒకడు పనిలో చేరి సంగతి చెప్పాడు. అత్తవారు పైడమ్మను మంగళవారం పుట్టింటికి పంపేస్తున్నారు. మూడేళ్ళ కూతురిని మాత్రం పంపరు. మొగుడికి విషం పెట్టిన చేతికి పిల్లనెలా ఇస్తామంటున్నారు. ఆ మాట విన్నది శనివారం సాయంత్రం.

ఆదివారం ఉదయం ఆరింటికి గాజువాకలో సిటీ బస్సు ఎక్కి కంచరపాలెంలో దిగాను. అక్కడ ముప్పావు గంట నిలబడితే పెందుర్తి బస్సు వచ్చింది. రెండింటికీ కలిపి రెండు రూపాయలు దాటలేదు. ఎనిమిదిన్నరకు పెందుర్తి. అక్కడి నుంచి పడమటికి బస్సు లేదు. ఖాళీగా వెళ్తున్న ఎడ్లబండి ఎక్కించుకుంది.

"ఎవులింటికి బావా?" అన్నాడు బండివాడు. చెప్పాను.

"ఓర్నాయనో! మొగుడికి దుంపలెట్టి సంపీసినామె ఇంటికా? మంచినీళ్ళు కూడా ముట్టకు, సెప్తన్నాను" అని నవ్వాడు. అప్పుడు కూడా నేను ఏమీ అనలేదు.

పదిన్నరకు చేరాను. అప్పన్న తల్లి అరుగు మీద మనవరాలికి తల దువ్వుతోంది. నిలబడే చెప్పాను. ఆ రోజు ఆ కూరలో సగం తిన్నది నేనేనని, నాకేమీ కాలేదని, కట్టు ఊడడం కళ్ళతో చూశానని.

ఆవిడ దువ్వెన ఆపింది. "నెల్లాళ్ళు నోట్లో ఏటెట్టుకున్నావు బాబూ?"

"పైడమ్మ చేత్తో ఆ కూర వండించి ఇప్పుడు పెట్టండి, తింటాను" అన్నాను.

"తిను. పొద్దుగూకీదాకా ఈ అరుగు మీదే కూకో. నీకేటీ కాకపోతే అప్పుడు సూద్దాం."

పైడమ్మ పెరటి పాకలో వేరే పొయ్యి పెట్టుకుని ఉంటోంది. నన్ను గెడ్డ దగ్గరికి, అంటే ఊరి పక్కన పారే చిన్న వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. దుంపను అప్పటికే పలచగా తరిగి, బూడిద పట్టించి, బుట్టలో వేసి రాళ్ళ మధ్య కట్టి ఉంచింది. "మూడు రేత్రులు నానీసింది" అంది. ముక్కలను ఇద్దరం గట్టిగా పిండాం. ఆమె వాటిని రెండుసార్లు ఉడికించి నీళ్ళు పారబోసింది. తర్వాత చింతపండు, ఎండుమిరప, ఆవాల పోపు. ఒక్క ముక్క తాను నమిలి, కాసేపు ఆగి, అప్పుడు నా ఆకులో వడ్డించింది.

"ఆడి కేరేజీ మూతలో తిన్నోడివి నువ్వేనా?" అంది. "రోజూ ఇంకో నాలుగు ముక్కలెయ్యీ అనీవోడు. ఆడికే ఆకలనుకున్నాను."

ఆకు ఖాళీ చేశాను.

అరుగు మీద కూర్చున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి నా మొహం చూసి వెళ్ళారు. ఒకాయన, "నాలుక తిమ్మిరెక్కిందేటి?" అని రెండుసార్లు అడిగాడు. పొద్దు వాలాక అప్పన్న తల్లి వచ్చి నా కళ్ళలోకి చూసింది. పెరట్లోకి వెళ్ళి, గిన్నెలో మిగిలిన కూర తెచ్చుకుని, నా ఎదురుగానే తిన్నది. చెయ్యి కడుక్కుని, పిల్లను తీసుకెళ్ళి పైడమ్మ ఒళ్ళో కూర్చోబెట్టింది.

"మంగళారం ఎవులూ ఎక్కడికీ ఎల్లరు" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు మాత్రం మళ్ళీ ఈ గుమ్మానికి రాకు. నా కొడుకు కూడు తిని నోరు మూసుకున్నావు."

పెందుర్తి దాకా నడిచి ఆఖరి బస్సు అందుకున్నాను. ఆవిడ మాట మీద నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు. మర్నాడు మేస్త్రీకి కూడా అదే సంగతి చెప్పాను. వారం లోపలే పని పోయింది, వేరే చోట దొరికింది. ఆ మాట నెల ముందు చెప్పినా నాకు అంతే జరిగేది. పైడమ్మకు మాత్రం ఆ నెల రోజుల నింద తప్పేది.

అటు వెళ్ళేవారికి ఒకే సలహా. సంతలో చేదు దుంప కనిపిస్తే కొనుక్కొచ్చి సొంతంగా వండకండి. మూడు రాత్రులు పారే నీళ్ళలో ఉంచడం తెలిసిన చేతితోనే వండించుకుని తినండి. తిన్నాక, తిన్నామని, బాగుందని నలుగురూ వినేలా అక్కడే చెప్పి రండి.