రెండో నంబరు గది

మా క్లినిక్‌లో రెండు గదులుండేవి. మొదటిది డాక్టర్‌గారిది. రెండోది నాదని నేను అనుకునేదాన్ని, ఆయన అనుకునేవారు కాదు. అందులో సెలైన్ పెట్టెలు, పాడైపోయిన బరువు మిషను కాపురం ఉండేవి.

హైదరాబాద్‌లో ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు చదివి, ప్రాక్టికల్ మిగిలి ఉండగానే పెళ్లి చేసుకుని ఖతార్ వచ్చేశాను. ఇల్లు అల్ ఘర్రాఫాలో. గ్యాసు పుణ్యమా అని అప్పట్లో ఎటు చూసినా క్రేన్లే. మావారికి సైటు తప్ప మరో లోకం లేదు. ఇంట్లో ఊసుపోక ఆసుపత్రుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే, బిర్కత్ అల్ అవామిర్‌లో ఒక కంపెనీ లేబర్ క్యాంప్ క్లినిక్‌లో శిక్షణకు ఒప్పుకున్నారు.

అక్కడి డాక్టర్ సూడాన్ ఆయన. భారీ మనిషి, గొంతు మాత్రం మెత్తన. పేషెంట్ల దగ్గర నేర్చుకున్న హిందీ మాట్లాడేవారు. వచ్చినవాళ్లను ముందు నేను చూడాలి, అడగాల్సినవి అడగాలి, జబ్బేమిటో నా ఊహ ఆయనకు చెప్పాలి. ఆయన ఔనంటేనే మందు. ఇంత చేసినా పేషెంట్లూ ఆయనా నన్ను 'సిస్టర్' అనే పిలిచేవారు. నర్సమ్మలంటే నాకు చిన్నచూపేం లేదు కానీ, చదివిన చదువుకో పేరుంటుంది కదా అని ఒళ్లు మండేది. రెండో గది ఎప్పుడిస్తారని వారం వారం అడిగేదాన్ని. 'షువయ్యా, షువయ్యా' అని నవ్వేవారు. మెల్లగా, మెల్లగా అని దానర్థం. ఆ నవ్వు చూస్తే పోట్లాడబుద్ధేసేది కాదు.

మే నెల ఎండల్లో ఒకతన్ని తోటివాళ్లు మోసుకొచ్చారు. జగిత్యాల వైపు మనిషి, స్లాబులకు ఇనుప చువ్వలు కట్టే స్టీల్ ఫిక్సరు. సైటులో కళ్లు తిరిగి పడిపోవడం ఆ వారంలో అది రెండోసారి. సెలైన్ ఎక్కాక లేచి కూర్చున్నాడు. షుగరుందా, ఫిట్స్ వస్తాయా, గుండెలో నొప్పా అని పుస్తకంలో ఉన్నవన్నీ అడిగాను. ఏదీ లేదన్నాడు. అన్నం తిన్నావా అంటే "తిన్న మేడం" అన్నాడు. డాక్టర్‌గారి దగ్గరికెళ్లి గుండె జబ్బు మీద ఉపన్యాసం దంచాను. ఆయన ఓపిగ్గా విని, టీ తాగడం ముగించి, ఏం తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు అని అడిగారు. అది నేను అడగనే లేదు. మళ్లీ వెళ్లి అడగమన్నారు.

స్టెతస్కోపు పెట్టడానికి అతని నీలం కవరాల్ పై గుండీ తీశాను. లోపల కాషాయం బట్ట, దాని కింద పూసల మాల కనిపించాయి. కాకినాడలో మా అన్నయ్య ఏటా అయ్యప్ప మాల వేస్తాడు. మాలలో ఉన్నవాళ్లతో మాట్లాడే పద్ధతి వేరు, తినేదాని పేరూ వేరు.

"స్వామీ, భిక్ష ఎప్పుడైంది?" అన్నాను.

అతను గబుక్కున చేతులు జోడించాడు. "నిన్న పొద్దుగూకినంక, మాతా."

ఇక మాటలు ఆగలేదు. హనుమాన్ దీక్షలో ఉన్నాడు. రోజుకొక పూటే భిక్ష, అదీ స్నానం చేసి తినాలి. సైటులో స్నానమెక్కడ? కాబట్టి రాత్రి క్యాంప్‌కు వచ్చేదాకా ఏమీ ముట్టడు. నీళ్లూ తాగడు. సైటులో మంచినీళ్ల కూలర్‌కు కట్టిన గ్లాసు అందరికీ ఒక్కటే.

"ఆ గిలాసతోని నీసు తిన్నోళ్లు గూడ తాగుతరు మాతా. మాలల ఉండి నేనెట్ల తాగుత?"

ఆ ఎండలో నీళ్లు తాగకుండా ఇనుము మోస్తున్నాడు. కోపంగా వెళ్లి సంగతంతా డాక్టర్‌గారికి వినిపించాను. డాక్టర్‌గారు ఏటా రంజాన్ ఉపవాసాలుండే మనిషి. మాలో జబ్బు మనిషికి మినహాయింపుంది, వాళ్లలోనూ ఉంటుందేమో, మాల తీయమని చెప్పు అన్నారు. చెప్పాను. అతను తల అడ్డంగా ఊపాడు.

"నాలుగేండ్లు మాట రాని బిడ్డ మొన్న ఫోన్ల బాపూ అన్నది. మొక్కు ఎట్ల ఇడిచిపెడ్త?"

తిడదామనుకున్నదాన్ని కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

మూడోసారి పడితే అన్‌ఫిట్ అని రాయక తప్పదు, కంపెనీ ఇంటికి పంపేస్తుంది. డాక్టర్‌గారు ఆ మాటే చెప్పి, ఈ పేషెంటు నీవాడు, వచ్చే వారం ఇదే రోజు తన కాళ్ల మీద నడిచొస్తే ఆ గది నీది అన్నారు.

మాల ఎవరు వేశారని అడిగితే, క్యాంప్‌లోనే ఉన్న ఒక పెద్ద మేస్త్రీ అని తెలిసింది. అతనే వీళ్లకు గురుస్వామి. పిలిపించాను. పొద్దున స్నానం చేసి సొంత సీసాలో నీళ్లు నింపుకుని, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలుపుకుని సైటుకు తీసుకెళ్తే తప్పా అని అడిగాను. పండ్ల సంగతీ అడిగాను. ఆయన సొంత సీసాకు మైల లేదన్నాడు, పండుకు పట్టింపే లేదన్నాడు. తర్వాత మావాడి వైపు తిరిగాడు.

"నువ్వు పడిపోతే మొక్కెవరు చెల్లిస్తరు స్వామీ? తాగు."

డాక్టర్‌గారు ఇంటి నుంచి ఖర్జూరాల సంచి తెచ్చిచ్చారు.

ఆ వారమంతా గేటు దగ్గర బండి ఆగితే చాలు, అతన్నే మోసుకొచ్చారేమోనని కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. మావారు వేళాకోళానికి నువ్వు ఏ స్వామికి మొక్కుకున్నావని అడిగారు. అదే హనుమంతుడికి అన్నాను. అబద్ధం కాదు.

చెప్పిన రోజు వచ్చింది. సాయంత్రమైనా అతని జాడ లేదు. నేను ఆశ వదులుకుని బల్ల సర్దుతుంటే, డ్యూటీ దిగి, స్నానం చేసి, నుదుట సింధూరంతో నడిచొచ్చాడు. భుజాన వేలాడుతున్న సీసా తీసి, ఖాళీ అయిందని బోర్లించి చూపించాడు. డాక్టర్‌గారికి "దండం స్వామీ" అని చేతులు జోడించాడు. అదేం మాటని ఆయన నన్నడిగారు. మాలలో ఉన్నవాళ్లు ఎదురైన వాళ్లనల్లా స్వామీ అనే పిలుస్తారు, ఎవరైనా సరే అని చెప్పాను. ఆయనకది బాగా నచ్చినట్టుంది. సొరుగులోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు.

"యల్లా స్వామీ, దో నంబర్ రూమ్ ఖోలో."

పద స్వామీ, రెండో గది తెరువు అని. ఆడవాళ్లను మాతా అనాలని దిద్దబోయి ఊరుకున్నాను. సిస్టర్ అనలేదు, నాకదే పదివేలు.

గదిలో కుర్చీ లేదు. నా మొదటి పేషెంటును సెలైన్ పెట్టె మీద కూర్చోబెట్టి నాడి చూశాను. బిడ్డ ఇప్పుడేమంటోందని అడిగాను.

"నిన్న 'బువ్వ తిన్నవా' అని అడిగింది మాతా."

"మీరేమన్నారు స్వామీ?"

"తిన్ననని చెప్పిన. గీసారి నిజమే చెప్పిన."