ఓడ దిగినా తగ్గని చక్కర్

మా దీవుల్లో ఒంట్లో ఏ తేడా వచ్చినా నేరం సముద్రానిదే. జుట్టు రాలితే ఉప్పుగాలి, మోకాళ్లు లాగితే తేమ, అన్నం సయించకపోతే ఓడ ప్రయాణం. మా అమ్మాయి పసిబిడ్డగా ఉన్నప్పుడు నుదుటి మీద ముద్దు పెడితే పెదాలకు ఉప్పు తగిలేది. సముద్రం పక్కన పుట్టిన పిల్ల ఇంకెలా ఉంటుందిలే అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆ ఉప్పు జబ్బుకు గుర్తని చాలాకాలానికి చెన్నై డాక్టర్లు చెప్పారు. సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతో వచ్చేది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడిపోతుంది, తిన్నది ఒంటబట్టదు.

ఇప్పుడు పిల్ల హైస్కూల్‌కి వచ్చింది. రోజూ పొద్దున్నే నెబ్యులైజర్ పెట్టి, పడుకోబెట్టి, అరచేయి దొప్పలా చేసి వీపు మీద తడతాను. కఫం కదిలి దగ్గుతుంది. ఇది మామూలు రోజు. మరి జబ్బు తిరగబెడితే ఎలా తెలుస్తుందని అడిగితే ఇక్కడి ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది: దగ్గు పెరుగుతుంది, కఫం ఎక్కువై రంగు మారుతుంది, ఆకలి తగ్గుతుంది, ఊరికే అలసిపోతుంది, జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. ఆలస్యం చేస్తే ఊపిరితిత్తులకు జరిగిన నష్టం మళ్లీ పూడదు అని కూడా చెప్పింది. విన్నంతసేపూ బాగానే ఉంటుంది. రోజూ దగ్గే పిల్లకు దగ్గు పెరిగిందని దేన్ని చూసి చెప్పాలి? అనుమానం వచ్చినప్పుడల్లా ఆసుపత్రికి పరిగెత్తితే దాని చేతులకు సూదులు గుచ్చించడం తప్ప మిగిలేదేముంది? ఈ మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది.

మొన్న సెలవుల్లో ఇంకో దీవిలో, హట్‌బేలో ఉన్న మా అన్నయ్య ఇంటికి వెళ్లి ఓడలో తిరిగి వస్తున్నాం. అలలు పెద్దగా ఉన్నాయి. పిల్ల నా ఒళ్లో తల పెట్టి పడుకుంది. వదిన కట్టిచ్చిన పులిహోర ముట్టలేదు. పక్క సీటులో ఒక పెద్దావిడ, మా వైపు మనిషే, దాని ముఖం చూసి జాలిపడింది.

"చక్కరొస్తన్నాది బేటీకి, కళ్లు తిరుగుతన్నాయి. నిమ్మకాయ వాసన సూపించమ్మా. దిగగానే ఠీక్ అయిపోద్ది."

నిజానికి ఈ పిల్లకు ఓడ పడకపోవడమన్నది నేను ఎప్పుడూ చూడలేదు. అయినా సరేనన్నాను. చుట్టూ సగంమంది అలాగే వాడిపోయి ఉన్నారు కదా. పైగా ఆ రోజు దగ్గు తక్కువగా ఉంది. దగ్గు తక్కువైతే మంచిదే కదా అని సంబరపడ్డాను. మధ్యలో రుమాలులో ఉమ్మింది. పచ్చగా కనిపించింది. ఓడ లోపలి లైటు అలాంటిదేమో అనుకున్నాను.

ఫీనిక్స్ బే జెట్టీలో దిగాం. ఓడ పడనివాళ్లందరూ నేల తగలగానే లేచి కూర్చుంటారు. ఆ పెద్దావిడ కూడా జెట్టీ బయట సమోసా తింటూ కనిపించింది. సమోసా మీద ఇంకాస్త ఉప్పు చల్లమని ప్రతిసారీ గొడవ చేసే మా పిల్ల మాత్రం అటు చూడలేదు. గోడకు ఆనుకుని ఊపిరి కోసం ఆగింది.

"ఎందుకే దగ్గట్లేదు?" అన్నాను.

"దగ్గితే నొప్పెడతాందమ్మా. అందుకే ఆపుకుంటన్నాను."

ఎదురుగా గరాచర్మ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఎక్కితే ఇల్లు. పడుకోబెట్టి రేపటిదాకా చూద్దామా? ఒకవేళ ఇది నిజంగా ప్రయాణం బడలికే అయితే? రుమాలు మళ్లీ తీసి ఎండలో చూశాను. ఆకుపచ్చే. అయినా నమ్మకం కుదరలేదు. బస్సు వెళ్లిపోయింది. నిర్ణయం నేను తీసుకున్నానో బస్సే తీసుకుందో నాకిప్పటికీ తెలియదు. ఆటో పిలిచి ఆసుపత్రికి పొమ్మన్నాను.

డాక్టరమ్మ ఛాతీ విని, వేలికి క్లిప్పు పెట్టి చూసి, చేర్చుకోవాలంది. జబ్బు తిరగబెట్టిందట. సమయానికే తెచ్చానని నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పును ఏం చేసుకోవాలో నాకు అర్థం కాలేదు. తర్వాత పిల్ల వైపు తిరిగి హిందీలో, ఇకమీదట ఒంట్లో బాగాలేదనిపించగానే అమ్మతో చెప్పాలి, దాచకూడదు అంది. పిల్ల బుద్ధిగా తలూపింది.

ఆవిడ వెళ్లాక నా చెయ్యి పట్టుకుని లాగింది.

"అమ్మా, బాగుంటే ఎలాగుంటాది?"

"అదేం ప్రశ్నే?"

"నాకెప్పుడూ ఇలాగే ఉంటాది కదా. బాగున్నప్పుడు ఎలాగుంటాదో సెప్తే, బాగోలేనప్పుడు నీకు సెప్తాను."

చెబుదామని నోరు తెరిచాను. నా ఊపిరి ఎప్పటిలాగే వెళ్లింది, వచ్చింది. నేను పుట్టినప్పటినుంచీ దాన్ని పట్టించుకున్నదే లేదు. పిల్ల నా ముఖంలోకే చూస్తూ ఉంది.