మా ఆయన విమానానికి ఐసు పట్టిన రోజు

మా ఆయన పేరు ఓబుళేసు. పేరు నోటితో పలకను గానీ రాస్తే తప్పులేదనుకుంటాను. గుత్తిలో డ్రిప్పు పైపుల అంగడి మాది. ఎదురుగా ఉన్నప్పుడు ‘మీరు’ అంటాను, వెనకాల కూడా అంత మర్యాద ఇవ్వడం నా వల్ల కాదు. కాబట్టి ఇక్కడ అన్నాడు, పోయాడు అనే రాస్తాను. చదివితే చదువుకోనీ.

ఆయనకు ఐసు పెట్టడం, అదే ఎదుటివాళ్ళను పొగడటం, చేతకాదు. పెళ్ళైన కొత్తలో నేను నడుం పడిపోయేలా నిలబడి ఓళిగలు చేస్తే, కడుపునిండా తిని, చెయ్యి కడుక్కుని, "మాడలేదు" అన్నాడు. అది ఆయన దృష్టిలో పొగడ్త. ఇంకొకరు తనను పొగిడినా పడదు. అంగడికొచ్చిన రైతు పాపం మర్యాదకు ఏదో మంచిమాట అంటే, "నాకు ఐసు పెట్టద్దప్పా, పైపు కావాల్నా వద్దా?" అని గదమాయిస్తాడు. ఇంకో గుణం కూడా ఉంది. నేను సణగడం మొదలుపెట్టానంటే చెప్పులేసుకుని బయటికి పోతాడు. తన చెప్పులు దొరక్కపోతే నా చెప్పులేసుకుని పోతాడు.

ఇలాంటి మనిషికి విమానాల పిచ్చి ఎలా పట్టిందంటే, పెళ్ళికి ముందు తనకల్లు దగ్గర వాళ్ళ వేరుశనగ చేలో ఉండగా వాన కోసం మబ్బుల్లో మందు చల్లే విమానం ఒకటి తల మీదుగా పోయిందట. చేలో ఉన్న వాళ్ళంతా వాన పడుతుందేమోనని మబ్బును చూస్తే, ఈయన విమానాన్ని చూశాడు. ఆ తర్వాత సంసారం, అంగడి, నేను. పిచ్చి లోపలే ఉండిపోయింది. మొన్నామధ్య విడపనకల్లు వైపు ఎర్రనేలలో ఎవరో చిన్న విమానాల బడి పెట్టారని తెలిసేసరికి మళ్ళీ లేచింది.

నేను ఏడ్చాను, అరిచాను, వంట మానేశాను. ఆయన అంగట్లో మిక్చరు తిని బతికాడు గానీ మాట వినలేదు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. గాల్లో ఉండగా ఒక్కసారి ఇంజన్ దగ్గినా, ఆ రోజుతో విమానం బందు. కదిరి నరసింహస్వామి మీద ఒట్టేశాడు. ఆ ఒట్టు నిలబెట్టుకుంటాడని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఇంజన్‌కు జలుబు చేయకూడదని ఆయన మొక్కుకుంటుంటే, కాస్త తుమ్మితే బాగుండునని నేను మొక్కుకునేదాన్ని.

నేర్పే అమ్మాయి పేరు కృపాకుమారి, విడపనకల్లు పిల్లే. ముప్పై నిండలేదు గానీ గొంతు మాత్రం హెడ్‌మిస్ట్రెస్‌ది. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికి భోజనానికి వచ్చింది. కంచం ముందు కూర్చుంటూనే, "అన్న నా మాట వింటాండ్లేదు. మీరన్నా వినండక్కా" అని మొదలుపెట్టింది.

ఆ చిన్న విమానం ఇంజన్లో కార్బరేటర్ ఉంటుందట, పెట్రోలునూ గాలినీ కలిపేది. దాని గొంతు సన్నం. ఆ సన్నటి గొంతులో గాలి దూరేటప్పుడూ, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడూ అక్కడ బాగా చల్లబడిపోతుందట. "సూదేసే ముందు స్పిరిట్ రాస్తారు కదక్కా, చెయ్యి జిల్లుమంటాది. అట్లా" అంది. గాల్లో తేమ ఎక్కువుంటే ఆ తేమ అక్కడే మంచు కట్టి గొంతుకు అడ్డం పడుతుంది. బయట చలి ఉండక్కర్లేదు, మనం ఉక్కపోతగా ఉందని విసురుకుంటున్నా లోపల ఐసు పడుతుంది. అప్పుడు ఇంజన్‌కు ఊపిరాడదు.

మా ఆయన అన్నం కలపడం ఆపి నవ్వాడు. "అనంతపురంలో ఐసా మేడమ్? తాగేదానికే నీళ్ళు లేవు, గాల్లో యాడుంటాయి? మనుషులకు పెట్టేది చాలక ఇంజన్‌కు గూడా ఐసు పెడ్తారా?"

"నవ్వద్దన్నా. వేడిగాలి పిడి ఉండేది దానికే. దిగేటప్పుడు ఇంజన్ తగ్గించకముందే లాగల్ల. సగం సగం గాదు, పూర్తిగా. సైలెన్సర్ పక్కన కాగిన గాలి లోపలికి పోయి ఐసును పట్టనీదు. ముందే పట్టింటే, పిడి లాగినంక ఇంజన్ ఇంకా ఎక్కువ గునుస్తాది, కరిగిన నీళ్ళు మింగుతాది కాబట్టి. ఆ గోలకు భయపడి పిడి మళ్ళా తోసేస్తే అంతే సంగతులు."

"నేల మీద గూడా లాగి పెట్టుకోవాల్నా?" అని నేనే అడిగాను.

"వద్దక్కా. ఆ గాలికి జల్లెడ ఉండదు. మన ఎర్రదుమ్మంతా ఇంజన్లోకి పోతాది."

ఇంత చెబితే మా ఆయన పట్టుకున్నది ఆ ఆఖరి ముక్క ఒక్కటే. ఆ రోజు నుంచి ఎప్పుడు పిడి మాటెత్తినా, "దుమ్ము పోతాది" అంటాడు. పక్కన కృపాకుమారి ఉంటే మొహం మాడ్చుకుని లాగేవాడట.

ఒంటరిగా ఎగిరే రోజు వచ్చింది. ముందురోజంతా మా చుట్టుపక్కల అరుదైన వాన. పొద్దున్నే ఆకాశమంతా మబ్బు, గాలి తడిగుడ్డలా ఒంటికి అంటుకుంటోంది. నేను మొదటిసారి ఆ మైదానంలో అడుగుపెట్టాను. చూడ్డానికి కాదు, ఇంజన్ దగ్గితే సాక్షిగా ఉండటానికి. కృపాకుమారి చేతిలో వైర్‌లెస్ సెట్టు, పక్కన నేను.

విమానం లేచింది. నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం ఒళ్ళు పులకరించింది. పైపులు కట్టలు కట్టే మనిషి మబ్బుల కింద చక్కగా ఒక చుట్టు తిరుగుతున్నాడు. "బలే తిప్పినారన్నా!" అంది కృపాకుమారి సెట్టులో. ఆ పిల్ల చేసిన పొరపాటు అదొక్కటే.

దిగడానికి ఇంజన్ తగ్గించాడు. పిడి లాగలేదని ఆ తర్వాత తెలిసింది. కాసేపటికి శబ్దం గరగరలాడింది, ఆగింది, మళ్ళీ దగ్గింది.

కృపాకుమారి మొహం పాలిపోయింది. "అన్నా, ఐసు! ఐసు!" అని అరిచింది.

సెట్టులోంచి మా ఆయన గొంతు, మహా బిగువుగా: "ఐసు పెట్టద్దు మేడమ్. పొగిడేది దిగినంక పొగుడుదురు గానీ."

"పెట్టేది కాదన్నా, పట్టింది! ఇంజన్‌కు ఐసు పట్టింది! పిడి లాగన్నా!"

లాగినట్టున్నాడు. ఇంజన్ ఇంకా ఘోరంగా వణికింది. సెట్టులో ఆయన కేక: "లాగితే ఇంకా చెడిపోతాంది మేడమ్! మళ్ళా తోసేస్తాండా!"

నాకేమైందో తెలియదు. ఆ పిల్ల చేతిలోంచి సెట్టు లాక్కున్నాను.

"ఓబుళేసూ!"

మైదానంలో ఉన్న నలుగురూ నావైపు తిరిగారు. పెళ్ళైన నాటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు.

"తోసినావంటే చంపుతా! లాగి గట్టిగా పట్టుకో! అది సణిగితే సణగనీ. నేను నోరెత్తితే చెప్పులేసుకుని పోతావే, ఆడ యాడికి పోతావురా? నిలబడి విను! దాని గోల అయిపోయేదాకా విను!"

సెట్టులో గరగర. ఆ తర్వాత సన్నగా, "సరే" అని వినిపించింది.

ఇంజన్ కక్కింది, మూలిగింది, ఇక ఆగిపోతుందనుకున్నాను. స్వామీ, వాడు ఎగిరితే ఎగరనీ, నేలమీదికి ప్రాణాలతో పంపించు అని ఆ దేవుడికే మొక్కాను. ఇంతలో గొంతు సర్దుకున్నట్టు శబ్దం నిలకడైంది. గుండ్రంగా తిరిగి వచ్చి, కుందేలులా మూడు ఎగుర్లు ఎగిరి, దిగాడు.

వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. నేను నోరు తెరిచి ఆ ఐసుతో మొదలుపెట్టి మిక్చరు దాకా పోయి, మళ్ళీ వెనక్కొచ్చి తిట్టాను. కదల్లేదు, అంతా విన్నాడు. అయిపోయాక చెవులకున్న హెడ్‌సెట్ తీసి కృపాకుమారికి ఇచ్చాడు.

"ఇంజన్ దగ్గింది మేడమ్. మాట ఇచ్చినా. ఇంక ఎక్కను."

నేను కోరుకున్నదే జరిగింది. కొబ్బరికాయ కొట్టాల్సింది. కొట్టలేదు.

ఆ తర్వాత ఇంట్లో ఆయన్ని భరించడం నా తరం కాలేదు. చల్లటి మజ్జిగ చెంబు మీద చెమట పడితే దాన్ని పట్టుకుని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తాడు: "చూసినారా, గాల్లో నీళ్ళుండాయి!" కుక్కర్ మూత పెట్టాక "పూర్తిగా బిగించు, సగం సగం పనికిరాదు" అంటాడు. అన్నిటికంటే ఘోరం, ఒక రోజు చారు జుర్రుకుని "బలే ఉండాది" అన్నాడు. నాకు వెన్నులో చలి పుట్టింది. తిడితే ఎక్కడికీ పోడు. బుద్ధిగా కూర్చుని వింటాడు, చివర్లో "ఇంకేమన్నా ఉందా?" అని అడుగుతాడు. అలాంటి మనిషిని ఏమని తిట్టేది?

వీటన్నిటినీ ఓర్చుకునేదాన్నే. కానీ ఒక మధ్యాహ్నం అంగట్లో ఉండగా పైన చిన్న విమానం శబ్దం వచ్చింది. బజారంతా తలలెత్తి చూసింది. ఈయన మాత్రం తల ఎత్తలేదు. పైపుకట్టకు ముడి వేస్తూనే ఉన్నాడు. వేసిన ముడి విప్పి, మళ్ళీ వేశాడు.

మరుసటి పొద్దున స్కూటర్ తీసి, "ఎక్కండి" అన్నాను.

"యాడికి?"

"విమానాల బడికి."

"ఒట్టేసినా కదా రత్నా."

"ఆ ఒట్టు తీసి గట్టున పెట్టినా. సామికి నేను చెప్పుకుంటా. దిగేటప్పుడు పిడి లాగకపోతే మాత్రం ఆ సామి గూడా మిమ్మల్ని నా చేతిలోంచి కాపాడలేడు."

వెనకాల ఎక్కాడు. దారిలో నా భుజం మీద చెయ్యి వేశాడు. గుత్తి బజార్లో అంతమంది చూస్తుండగా అదీ ఆయన ఎన్నడూ చేయని పనే.

ఇప్పుడు ఆయన ఎగిరే రోజుల్లో నేనూ పోతాను. మబ్బు పట్టిన రోజైతే సెట్టు పక్కనే నిలబడతాను. దిగే ముందు పైనుంచి "వేడి లాగినా, పూర్తిగా" అని చెబుతాడు, నాకు వినపడాలని గట్టిగా. నా భయం పోలేదు. పోదు కూడా. ఇంట్లో కూర్చుని ఒక్కదాన్నే భయపడే కంటే, అక్కడ నిలబడి తిట్టడం నయంగా ఉంది.